సత్యనారాయణపురంలో ఎడమ చేతి క్లాసు: పియానో మీద సొంతంగా రాసుకునేవాళ్ళ కోసం ఒక రివ్యూ

విజయవాడలో కీబోర్డు నేర్పేవాళ్ళకి కొదవలేదు, గ్రేడ్ పరీక్షలకి తయారుచేసేవాళ్ళు పటమట నుంచి వన్‌టౌన్ దాకా దొరుకుతారు. కానీ మన దగ్గర ఒక ట్యూన్ ఉండి, పాడేవాళ్ళు లేకుండా, తబలా లేకుండా, ఒక్క పియానో మీదే దాన్ని నిలబెట్టాలంటే ఎడమ చేతికి ఏం రాయాలో కూర్చోబెట్టి నేర్పే చోటు ఈ ఊళ్ళో నాకు ఇదొక్కటే కనిపించింది. సత్యనారాయణపురంలో, బీఆర్టీఎస్ రోడ్డు మీంచి లోపలికి రెండు సందులు తిరిగితే వచ్చే ఒక మేడ మీద, ఒక మేడం గారు ఆదివారం పొద్దున పూట నడిపే రెండు నెలల కోర్సు ఇది. బోర్డు లేదు, ప్రకటనలు లేవు, తెలిసినవాళ్ళు చెబితే వెళ్ళేవాళ్ళే అందరూ. ఆవిడ పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ముందే చెప్పేస్తున్నా, బాగుంది, వెళ్ళండి. లోపాలు ఉన్నాయి, అవీ కింద రాశాను. అవన్నీ కలిపినా వెళ్ళొద్దని చెప్పేంత కాదు.

ఈ క్లాసు ఎందుకు కావాలో అర్థం కావాలంటే మనం కీబోర్డు ఎలా నేర్చుకుంటామో చూడాలి. మనలో చాలామందికి చేతికొచ్చిన మొదటి వాయిద్యం స్టైల్స్ ఉన్న 61 కీల కీబోర్డు. ఎడమ చేత్తో మూడు వేళ్ళు పెట్టి కార్డు, అంటే కలిసి మోగే మూడు నోట్లు, నొక్కితే చాలు, డ్రమ్స్, బాసు, గిటారు అన్నీ మెషినే చూసుకుంటుంది. చర్చిలో వాయించేవాళ్ళకీ, పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో వాయించేవాళ్ళకీ అది సరిపోతుంది, అందులో తప్పు కూడా లేదు, పక్కన డ్రమ్మరూ బాస్ గిటారూ ఉన్నప్పుడు ఎడమ చెయ్యి ఎక్కువ వాయిస్తే వాళ్ళకి అడ్డమే. అదే చెయ్యిని తీసుకెళ్ళి స్టైల్స్ లేని పియానో మీద పెట్టినప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. కుడి చెయ్యి పాట పాడుతుంటే ఎడమ చెయ్యి బార్‌కి (తాళంలో ఒక చుట్టుకి) ఒకసారి మూడు నోట్లు కలిపి నొక్కి ఊరుకుంటుంది. కాస్త అలవాటున్నవాళ్ళైతే అదే కార్డుని విరిచి కింద నుంచి పైకి, పై నుంచి కిందికి, పాట మొత్తం ఒకే తీరున తిప్పుతారు. అర నిమిషం దాటేసరికి మొహం మొత్తుతుంది. గ్రేడ్లు పాసైనవాళ్ళది ఇంకో రకం, రాసి ఇచ్చిన ఎడమ చెయ్యి ఎంత కష్టమైనదైనా సాధన చేసి వాయించేస్తారు, నువ్వే ఒకటి రాయమ్మా అంటే కదలరు. వాళ్ళకి ఆ పని ఎవరూ చెప్పలేదు మరి.

మా బ్యాచ్‌లో రెండు రకాలవాళ్ళూ ఉన్నారు. గుణదల వైపు ఒక చర్చిలో వాయించే కుర్రాడు, బ్యాంకులో పనిచేసే ఒకాయన, ఇద్దరు ఇంజనీరింగ్ పిల్లలు, ఘంటసాల వేంకటేశ్వరరావు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్చుకుంటున్న ఒక అమ్మాయి, ఇంకా కొందరు. అందరూ సొంత ట్యూన్ ఒకటి తెచ్చుకోవాలి, ఎనిమిది బార్లైనా చాలు. కోర్సు మొత్తం ఆ ఒక్క ట్యూన్ కిందే పని. వేరేవాళ్ళ పాట మీద అయితే మనకి ముందే ఒక ఎడమ చెయ్యి వినిపిస్తూ ఉంటుంది, దాన్నే తిరగరాస్తాం అని ఆవిడ వాదన. నాకు సబబుగానే అనిపించింది.

మొదటి కొన్ని వారాలు కార్డులు బంద్. ఎడమ చేతికి ఒకసారికి ఒకే ఒక్క నోటు. ఆ ఒక్క నోటుతోనే పాట నిలబడాలి. వినడానికి చిన్నపిల్లల పాఠంలా ఉంటుంది గానీ, కూర్చుని రాస్తే తెలుస్తుంది దాని సంగతి. కార్డు పేరు చూసి అలవాటైన చెయ్యి సి కార్డు రాగానే సి దగ్గరికీ, జి కార్డు రాగానే జి దగ్గరికీ గెంతుతుంది, మళ్ళీ ఎ మైనర్‌కి ఎ దగ్గరికి. బాసు ఇలా గెంతుతూ ఉంటే అది పాటలా వినిపించదు, లెక్కలా వినిపిస్తుంది. జి కార్డు కింద బి పెట్టి చూడండి. సి, బి, ఎ అని బాసు మెట్లు దిగినట్టు వస్తుంది, కార్డులు అవే, కానీ కింద ఇప్పుడు ఇంకో గొంతు ఉంది. ఇన్‌వర్షన్, అంటే కార్డులో వేరే నోటుని అడుగున పెట్టడం, అనే మాట అందరం ఎప్పుడో చదువుకున్నదే, పరీక్షలో రాసిందే, అది ఎందుకు ఉందో మాత్రం నాకు ఈ క్లాసులోనే అర్థమైంది. ఆవిడ చూసే రెండో విషయం దిశ. మెలొడీ పైకి వెళ్తుంటే బాసు కిందికి రావడానికి దారి ఉందా, మెలొడీ దిగుతుంటే బాసు ఎక్కగలదా. ప్రతిసారీ కుదరదు, కుదిరిన చోట రెండు చేతుల మధ్య చోటు తెరుచుకుంటుంది, పియానో ఒక్కసారిగా పెద్దదైనట్టు వినిపిస్తుంది.

ఇక్కడ జర్మన్ స్వరకర్త బాహ్ రాసిన ఇన్వెన్షన్ల, అంటే రెండు స్వరాల చిన్న ముక్కల, ప్రస్తావన వస్తుంది. 1723 నాటి ప్రతి ముందు పేజీలో ఆయన తన ఉద్దేశం రాసుకున్నాడు, రెండు స్వరాలని శుభ్రంగా వాయించడం నేర్చుకోవడమే కాకుండా మంచి ఆలోచనలు పుట్టించడం, వాటిని పెంచడం, సంగీత రచన రుచి ముందుగానే తెలుసుకోవడం అని. అంటే ఇప్పుడు మనం వేళ్ళ సాధనకి వాడుకుంటున్న పుస్తకం అసలు రాయడం నేర్పడానికి కూడా పుట్టింది. మేడం దాన్ని ఆ పద్ధతిలోనే వాడతారు. ఎడమ చెయ్యి ఒక్కటే వాయించి, ఇది విడిగా పాడుకోవడానికి బాగుందా అని అడుగుతారు. తరవాత మన కాగితం తీసి అదే ప్రశ్న. మా బ్యాచ్‌లో మొదట్లో ఎవరి బాసూ ఆ పరీక్షకి నిలవలేదు, కోర్సు సగానికి వచ్చేసరికి చర్చి కుర్రాడి బాసు విడిగా పాడుకునేలా తయారైంది, అది విని అందరం చప్పట్లు కొట్టాం.

కార్డులు మళ్ళీ వచ్చేది ఆ తరవాత, అదీ ఒక హెచ్చరికతో. ఎడమ చెయ్యి కింది స్థాయిలో దగ్గర దగ్గర నోట్లు నొక్కితే బురదగా వినిపిస్తుందని మనందరికీ చెవికి తెలుసు, ఎందుకో చెప్పేవాళ్ళు తక్కువ. ఆవిడ లెక్క వేసి చూపించారు. మధ్య సి సుమారు 262 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు), దాని పైన ఇ సుమారు 330. రెండింటికీ మధ్య దూరం 68. అదే జంటని రెండు స్థాయిలు (ఆక్టేవులు) కిందికి దించితే సి 65, ఇ 82, మధ్య దూరం 17 మాత్రమే. అంత దగ్గరగా ఉన్న రెండు ధ్వనుల్ని చెవి విడదీసుకోలేక గరగరగా వింటుంది. కాబట్టి కిందికి వెళ్ళేకొద్దీ నోట్ల మధ్య ఖాళీ పెంచాలి. అట్టడుగున సి, దాని పైన జి, ఇ ని మాత్రం ఇంకో స్థాయి పైకి పంపాలి. కార్డు అదే, మూడు నోట్లూ అవే, కానీ గది నిండుతుంది. మొదటి సి నుంచి పైనున్న ఆ ఇ దాకా చెయ్యి చాలామందికి అందదు. అందక్కర్లేదు కూడా, పెడల్ తొక్కి ఒకదాని తరవాత ఒకటి వాయిస్తే చాలు, కింది నోటుని పెడల్ పట్టుకుని ఉంటుంది. ఈ ఒక్క పాఠానికే నా ఫీజు గిట్టుబాటైంది.

ఇప్పుడు నా ట్యూన్ సంగతి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ క్లాసులో పని ఎలా జరుగుతుందో దానిలో బాగా తెలుస్తుంది. నాది మూడు బీట్ల లాలి పాటలాంటిది, మోహన రాగంలో. మొదటి బార్‌లో గ మూడు బీట్లూ సాగుతుంది. రెండో బార్‌లో ప ద ప, బీట్‌కి ఒకటి. మూడో బార్‌లో మళ్ళీ గ సాగుతుంది. నాలుగో బార్‌లో రి దగ్గర ఆగుతుంది. దీని కింద ముందు అందరం రాసేదే నేనూ రాసుకెళ్ళాను, ప్రతి బార్‌లో బీట్‌కి ఒక నోటు చొప్పున విరిచిన కార్డు. మేడం విని పెన్సిల్ తీసుకున్నారు. "రెండో బార్‌లో కుడి చెయ్యి మాట్లాడుతోంది కదమ్మా, ఎడమ చేతిని వినమను" అన్నారు. రెండో బార్‌లో ఉన్న మూడు నోట్లలో రెండు కొట్టేసి ఒక్క కింది ప మిగిల్చారు. మూడో బార్‌లో కుడి చెయ్యి గ పట్టుకుని ఆగింది కాబట్టి అక్కడ ఎడమ చెయ్యి కదలాలి. కింద ద, రెండో బీట్‌లో పైకి వెళ్ళి స, మూడో బీట్‌లో రి. నాలుగో బార్‌లో మెలొడీ వచ్చి ఆగబోయేది ఆ రి మీదే, ఎడమ చెయ్యి దాన్ని ఒక బీట్ ముందుగా, ఒక స్థాయి కిందుగా చూపించేసింది. నాలుగో బార్ కింద మళ్ళీ ప.

అప్పుడు ఆవిడ బార్ మొదటి నోట్లు మాత్రమే ఎడమ చేత్తో వాయించి వినిపించారు. స, ప, ద, ప. కుడి చెయ్యి రెండో బార్‌లో గబగబా అనేసిన ప ద ప ని ఎడమ చెయ్యి బార్‌కి ఒకటి చొప్పున నెమ్మదిగా అంటోంది. వినేవాళ్ళకి ఇది లెక్కగా తెలియాల్సిన పని లేదు, పాట ఒకే ముద్దగా, ఒక చేతికి ఇంకో చెయ్యి చుట్టమైనట్టు వినిపిస్తుంది, అంతే. బ్యాంకాయన దీనిలో ఒక తప్పు పట్టారు, ఈ మొదటి నోట్లే చూస్తే మూడో బార్ నుంచి నాలుగో బార్‌కి వెళ్ళేటప్పుడు పైన గ నుంచి రి, కింద ద నుంచి ప, రెండు చేతులూ పంచమం దూరంలోనే కలిసి దిగుతున్నాయి, సమాంతర పంచమాలు, థియరీ పరీక్షలో మార్కులు పోయేవే అవి. మేడం ఒప్పుకున్నారు, అయినా మార్చలేదు. లాలి పాటకి ఆ డొల్లగా ఉండే ధ్వని అందం అని, నాలుగు గొంతుల కోరస్‌కి రాస్తుంటే మాత్రం నేనే కొట్టేసేదాన్ని అని చెప్పారు. ఏ రూలు ఏ సంగీతం కోసం పుట్టిందో చెప్పి పాటించమనే టీచర్లు అరుదు, ఈవిడ మీద నాకు గౌరవం పెరిగింది అక్కడే.

మెలొడీ ఆగిన చోట కదులు, మెలొడీ కదిలిన చోట ఆగు. చెప్పడానికి ఒక్క ముక్క. చేతికి పట్టడానికి వారాలు పడుతుంది, ఎందుకంటే ఎడమ చెయ్యి ఖాళీగా ఉంటే మనకి టెన్షన్, ఏదో ఒకటి నింపేయాలనిపిస్తుంది.

ప్రతి ఆదివారం చివరి అరగంట వినడం. రికార్డింగు పెట్టి, ఎడమ చెయ్యి ఉన్న గీతని మాత్రమే చేత్తో చూపిస్తూ వినిపిస్తారు. మొజార్ట్ 1788లో రాసిన సి మేజర్ సొనాటా, కె 545, మొదలు ఎడమ చెయ్యి సి జి ఇ జి అని తిరుగుతుంది కదా, ఆల్బెర్టీ బాస్ అంటారు, డొమెనికో ఆల్బెర్టీ అనే ఇటాలియన్ స్వరకర్త పేరు మీద. ఆ కాలపు పియానోలో నోటు త్వరగా ఆరిపోయేది, అలా తిప్పుతూ ఉంటే కార్డు బతికే ఉంటుంది, మెలొడీకి అడ్డం రాకుండా తేలిగ్గానూ ఉంటుంది. మొజార్ట్ దాన్ని మధ్య సి దగ్గర రాశాడు. మనవాళ్ళు అదే తిప్పుడుని రెండు స్థాయిలు కిందికి దించి, పైగా పెడల్ తొక్కిపెట్టి వాయిస్తారు, ఇందాక చెప్పిన 17 హెర్ట్జ్ బురద అంతా అక్కడే. ఫ్రెంచ్ స్వరకర్త శాటీ 1888లో రాసిన మొదటి జిమ్నోపెడీ ఇంకో పాఠం, మొదటి బీట్‌లో ఒక లోతైన బాసు, రెండో బీట్‌లో మెత్తటి కార్డు, అది అలాగే సాగుతుంది, మూడో బీట్‌కి కొత్తగా ఏమీ లేదు. షోపాన్ తొమ్మిదో ఓపస్ రెండో నాక్టర్న్ గురించి తొందరగా దాటేశారు, నాకు అక్కడ ఇంకాసేపు ఆగితే బాగుండనిపించింది, ఎందుకంటే బాసు ఒకటి కార్డులు రెండు అనే ఆ నడక మన లలిత సంగీతానికి చాలా దగ్గరగా ఉంటుంది.

ఎక్కువసేపు ఆగింది మాత్రం షోపాన్ ఇ మైనర్ ప్రెల్యూడ్ దగ్గర, 1839లో అచ్చైన 28వ ఓపస్‌లో నాలుగోది. ఆవిడకి ప్రాణం ఆ ముక్క. కుడి చెయ్యి మొదట్లో దాదాపు రెండు నోట్ల మధ్యే ఊగుతుంటుంది, బి, సి, మళ్ళీ బి. పాట అంతా ఎడమ చేతిలో ఉంది. అక్కడ ఉన్నది ఏమిటని చూస్తే, మనం బోర్ అని పక్కన పెట్టేసిన బ్లాక్ కార్డులే, ఎనిమిదో వంతు నోట్లలో అదే పనిగా కొడుతూ. తేడా ఏమిటంటే మూడు నోట్లూ కలిసి గెంతవు. ఒక వేలు అర స్వరం జారుతుంది, మిగతావి ఆగుతాయి. తరవాత ఇంకో వేలు. కార్డు ఎప్పుడు మారిందో చెప్పలేం, గుండె మాత్రం ఎక్కడో దిగిపోతుంటుంది. మొదటి కార్డు కూడా ఇ మీద కూర్చోలేదు, కింద జి పెట్టి తేలుతూ ఉంటుంది. ఆ వారం మాకిచ్చిన పని, మన ట్యూన్ కింద మూడు నోట్ల కార్డులు పెట్టి, ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి వెళ్ళేటప్పుడు వీలైనంత వరకు ఒక్క వేలే కదపాలి, అదీ పక్క కీకే. చేసి చూడండి, పాత ట్యూనే కొత్తగా వినిపిస్తుంది.

ఇక రాగాల సంగతి. ఇది పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు పాఠం చెప్పిన ఊరు, బాలమురళీకృష్ణ గారు ఆయన దగ్గర నేర్చుకున్న ఊరు, ఇక్కడ రాగానికి కార్డులు పెడతాం అంటే ఎవరో ఒకరు కాస్త కళ్ళు పెద్దవి చేసి చూస్తారు. మా వీణ అమ్మాయి మొదటి రోజే అడిగింది, గమకం లేని పియానో మీద రాగం ఎందుకండీ అని. మేడం దాటవేయలేదు. తోడి లాంటివి పియానో మీద పెట్టొద్దు, గమకం తీసేస్తే అక్కడ ఏమీ మిగలదు, స్వరం నిలబెట్టినా నిలిచే రాగాలు తీసుకుందాం అన్నారు. మోహన, హిందోళం, శంకరాభరణం, కల్యాణి దాకా. నేను ఆవిడ పక్షమే. కచేరీలో పాడే కృతికి కింద కార్డులు పెట్టమని ఎవరూ అనడం లేదు, ఆ స్వరాలతో మనం కొత్తగా రాసుకునే పియానో ముక్కలకి కింద ఏం పెట్టాలన్నదే ప్రశ్న.

అందులో హిందోళం పాఠం నేను ఇప్పటికీ నెమరువేసుకుంటున్నాను. సి ని షడ్జమం అనుకుంటే హిందోళం స్వరాలు సి, ఇ ఫ్లాట్, ఎఫ్, ఎ ఫ్లాట్, బి ఫ్లాట్. పంచమం లేదు. కానీ ఎడమ చేతికి అలవాటు ఏమిటి, షడ్జమం పంచమం కలిపి పట్టుకోవడం. తంబురాలో పంచమం సన్నగా మోగుతూ ఉంటే అది వేరు, పియానో అడుగున జి గట్టిగా పడితే రాగం మొహం మారిపోతుంది. కాబట్టి స తో మ పట్టుకోవాలి. ఆ ఐదు స్వరాల్లో పూర్తి కార్డులు రెండే దొరుకుతాయి, ఎఫ్ మైనర్, ఎ ఫ్లాట్ మేజర్. ఎ ఫ్లాట్ మేజర్ వినడానికి హాయిగా ఉంటుంది కదా అని బాసుని కాసేపు ఎ ఫ్లాట్ మీద కూర్చోబెట్టారనుకోండి, అప్పుడు చెవి ఎ ఫ్లాట్‌నే షడ్జమం అనుకుంటుంది, ఎ ఫ్లాట్ నుంచి లెక్కపెడితే అవే స్వరాలు మోహన. దీన్నే గ్రహభేదం అంటారు. కుడి చెయ్యి ఒక్క నోటు మార్చకుండా హిందోళం వాయిస్తూనే ఉంటుంది, వినేవాళ్ళు మోహన వింటుంటారు. మేడం దీన్ని అక్కడికక్కడ వాయించి చూపించారు, కుడి చేత్తో ఒకే వాక్యం, కింద ఒకసారి సి, ఎఫ్, ఇంకోసారి ఎ ఫ్లాట్. వీణ అమ్మాయి మొహం వెలిగిపోయింది, గ్రహభేదం తనకి తెలిసిందే, ఎడమ చేత్తో ఒక్క నోటు మార్చి చేయొచ్చని ఊహించలేదు. కావాలని చేస్తే అదొక అందమైన మలుపు, తెలియక చేస్తే రాగం పోయినట్టు.

తాళాల పాఠం చిన్నదే గానీ పనికొచ్చేది. ఖండచాపు ఐదుని తక తకిట అని విడదీసి, మొదటి త మీద లోతైన బాసు, తకిట మొదలైన చోట పైన రెండు నోట్లు, మిగతావి ఖాళీ. మిశ్రచాపుకి తకిట తకధిమి, అదే పద్ధతి. నాలుగు బీట్ల ట్యూన్ తెచ్చిన ఇంజనీరింగ్ అబ్బాయి ఒకడు దాన్ని ఐదులోకి మార్చుకుని వెళ్ళాడు, ఎడమ చెయ్యి దానంతటదే కొత్తదైపోయింది.

గది, వాయిద్యాల సంగతి. ఒక పాత అప్‌రైట్ పియానో, పక్కన 88 కీల డిజిటల్ పియానో. అప్‌రైట్ ధ్వని చాలా బాగుంటుంది, కింది బాసు తీగలు ఇప్పటికీ గంభీరంగా పలుకుతాయి, కానీ మన కృష్ణా తీరపు ఉక్కకి శ్రుతి నిలవదు, పైస్థాయిలో కొన్ని కీలు తేడాగానే ఉన్నాయి. గదిలో ఏసీ ఉంది, క్లాసు ఉన్నప్పుడు మాత్రమే వేస్తారు, అదీ పియానోకి మంచిది కాదేమో, రోజంతా ఒకే తేమ ఉండాలి దానికి. ఇంట్లో 61 కీల కీబోర్డు ఉన్నవాళ్ళు ఈ కోర్సు చేయొచ్చా అంటే చేయొచ్చు, కానీ 88లో అడుగున ఉండే ఒక స్థాయికి పైగా మీకు ఉండదు, ఎడమ చేతి మీద కోర్సు అయినప్పుడు ఆ లోటు ప్రతి వారం తెలుస్తుంది. కనీసం సస్టెయిన్ పెడల్ కొనుక్కోండి, అది లేకుండా సగం పాఠాలు ఇంటి దగ్గర ప్రాక్టీస్ చేయలేరు.

నచ్చనివి. పదింటికి అంటే పదింటికి మొదలవదు, ముందు బ్యాచ్ పిల్లల తల్లిదండ్రులతో మాటలు అయ్యేదాకా మెట్ల మీదే నిలబడాలి, ఎండాకాలంలో అది చిన్న విషయం కాదు. కారు పెట్టుకోవడానికి చోటే లేదు, బండి మీద వెళ్ళండి. ఇచ్చే జిరాక్సులు ఎన్నోసారి తీసినవో తెలియదు, స్టాఫ్ మీద, అంటే నోట్లు రాసే ఐదు గీతల్లో, నాలుగో గీత ఉందో లేదో వెతుక్కోవాలి. నోట్లు రాసే మ్యూజ్‌స్కోర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, అందులో ఒకసారి రాసి ప్రింట్ తీస్తే అందరికీ సుఖం, అడిగితే చేత్తో రాస్తేనే చెవికి ఎక్కుతుందన్నారు. మన పని చేత్తో రాయమనడం సరైందే, ఇచ్చే కాగితాలు కూడా అలాగే ఉండాలా అన్నది నా బాధ. క్లాసు రికార్డ్ చేసుకోనివ్వరు, అది నిజంగా లోటు, ఎందుకంటే ఆవిడ వాయించి చూపించే తేడాలు ఇంటికొచ్చేసరికి చెవిలోంచి జారిపోతాయి. అందరి స్థాయీ ఒకటి కాకపోవడం వల్ల ఇన్‌వర్షన్లు తెలిసినవాళ్ళు మొదటి వారాల్లో కాస్త ఖాళీగా కూర్చోవాలి. జాజ్ వైపు అసలు వెళ్ళరు, స్ట్రైడ్, వాకింగ్ బాస్ లాంటివి కావాలనుకునేవాళ్ళు ఇక్కడికి రావడం దండగ. చివరి ఆదివారం అందరి ముక్కలూ వినేసరికి టైం అయిపోయి, చివర్లో వాయించిన ముగ్గురికి రెండేసి మాటలు చెప్పి సరిపెట్టారు, ఒక్కొక్కరూ రెండు నెలలు పనిచేసిన ముక్క అది, ఇంకో గంట పెట్టాల్సింది. ఈ సంగతి నేను మేడంకి నేరుగా చెప్పాను, వచ్చే బ్యాచ్‌కి చివరి క్లాసుని రెండు ఆదివారాలుగా విడదీస్తానన్నారు.

ఫీజు నెలకి రెండు వేల ఐదు వందలు. వారానికి రెండు గంటలు, మన కాగితం మీద విడిగా పెన్సిల్ దిద్దుబాటు, ఈ రెండూ చూసుకుంటే ఎక్కువ అనను. కీబోర్డు ఇప్పుడే మొదలుపెట్టినవాళ్ళకి, పాటలు గబగబా నేర్చుకుని ఫంక్షన్లో వాయించాలనుకునేవాళ్ళకి ఇది కాదు. స్టాఫ్ చదవడం వచ్చి, మేజర్ మైనర్ కార్డులు చేతికి తెలిసి, సొంతంగా ఏదో రాసుకోవాలని ఉన్నవాళ్ళకి మాత్రం, గుంటూరు నుంచి బస్సెక్కి వచ్చినా నష్టం లేదు, మా బ్యాచ్‌లో ఒకావిడ అలాగే వచ్చేవారు. కొత్త బ్యాచ్ దసరా తరవాత అన్నారు. స్టాఫ్ గీతలు ప్రింట్ తీసుకున్న కాగితాలు, పెన్సిలు, రబ్బరు, మీ ట్యూన్ మెలొడీ ఒక్కటే రాసిన పేజీ పట్టుకెళ్ళండి. కింది గీత ఖాళీగా ఉంచండి, ముందే నింపుకెళ్తే మొదటి రోజే చెరిపించేస్తారు.